మౌంటెన్ బైక్: ఇంటి వద్ద నిర్వహణ

రాళ్ల దారులకు అనువైన, వెడల్పు టైర్ల గేర్ సైకిల్‌ను ఇంట్లోనే శుభ్రం చేసి, సరిచూసుకునే పని. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో వేసవి దుమ్ము, వానాకాలంలో పొలంబాటల బురద చైన్‌ను త్వరగా అరగదీస్తాయి.

శుభ్రత: జోరు నీటిధార బేరింగుల్లోని గ్రీజును తోసేస్తుంది కాబట్టి మగ్గుతో, బ్రష్‌తో కడగడం మేలు. ఆరిన చైన్‌లో ఒక్కో రోలర్‌పై ఒక్కో చుక్క నూనె వేసి, పెడల్ వెనక్కి తిప్పి, పైకి తేలిన జిడ్డును గుడ్డతో తప్పక తుడవాలి. లేకుంటే దుమ్ము అంటుకుంటుంది.

అరుగుదల: కొత్త చైన్‌లో 24 లింకుల పొడవు 304.8 మి.మీ. అది 306.3 మి.మీ.కు చేరితే, అంటే 0.5 శాతం సాగితే, మార్చడం మంచిది. ఆలస్యమైతే పళ్లచక్రాలూ పాడవుతాయి.

బ్రేకులు, టైర్లు: డిస్క్‌పై నూనె పడితే బ్రేక్ పట్టు తప్పుతుంది. గాలి ఒత్తిడి టైరు పక్కన ముద్రించిన పరిమితిలోనే ఉండాలి.