కోటలేని రాజు

చిన్నతనంలో మాకు రాజంటే చల్లపల్లి రాజే. కోడూరు నుంచి బందరు వెళ్ళే బస్సు అవనిగడ్డ దాటి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా కృష్ణ పాయను దాటి, మోపిదేవి వెనుకబడగానే కిటికీ పక్క చోటు కోసం పోట్లాడుకునేవాళ్ళం, కోట కనబడుతుందని. మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు పనిగట్టుకొని దిగి ద్వారం బయటే నిలబడి చూశాను. దేవరకోట సంస్థానమని పాత పేరు. యార్లగడ్డ వారి జమీ. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టంతో జమీ పోయింది, కోట మిగిలింది.

ఆ పక్కనే ఉన్న ఘంటసాలకు వెళ్ళాలని అప్పటికప్పుడే అనుకున్నాను. గాయకుని ఇంటిపేరుగా లోకానికి తెలిసిన ఈ ఊరు, క్రీస్తు శకం రెండో శతాబ్దంలో టాలెమీ పేర్కొన్న రేవు వ్యాపారకేంద్రం 'కొంటకొస్సిల' అని పండితుల నిర్ణయం. ఇక్కడి ప్రాకృత శాసనాల్లో ఆ పేరు 'కంటకసోల'. దాతల్లో శివకుడనే మహానావికుడు ఒకడు. సముద్రం మీద బతికినవాడు ఒడ్డుకొచ్చి బుద్ధునికి రాతిస్తంభం ఇచ్చుకున్నాడు! నేడు అక్కడ మిగిలింది ఇటుకల దిబ్బ. ఆ స్తూపపు శిల్పాల్లో కొన్నిటిని చూడాలంటే పారిస్‌లోని గీమె మ్యూజియానికి పోవాలి. మన ఊరి శిల్పానికి వీసా కావలసి రావడం నాకింకా మింగుడుపడలేదు.

రాజుగారి కోట చూశాను, నావికుని స్తూపం చూశాను. మరి స్తూపం కట్టించిన రాజు ఎక్కడ? ఈ ప్రశ్నతోనే వెనక్కి పులిగడ్డ వచ్చి, పెనుమూడి వారధి దాటి, రేపల్లె మీదుగా భట్టిప్రోలు చేరాను.

1892లో అలెగ్జాండర్ రీ ఇక్కడి దిబ్బను తవ్వించినప్పుడు రాతి కరండాలు, వాటిలో స్ఫటికపు పేటికలు, ధాతువులు బయటపడ్డాయి. ధాతువుల్లో ఒకటి కలకత్తాలోని ధర్మరాజిక చైత్య విహారానికి చేరింది. కరండాలపై చెక్కిన అక్షరాలను బ్యూలర్ చదివాడు. అశోకుని బ్రాహ్మికి దగ్గరివే గాని కొన్ని అక్షరాల తీరు వేరు. లిపి చరిత్రకారులు ఇప్పటికీ వీటిని వదలరు. నన్ను పట్టి నిలిపింది మాత్రం లిపి కాదు, పేర్లు. మొదట వచ్చేది కురుని తండ్రి, కురుని తల్లి, కురుడు. ఒక ఇంటివారు. మరొక చోట కుబిరక రాజు. ఆ రాజుకు బిరుదులు లేవు, విజయాలు లేవు. 'సింహగోష్ఠి'కి ప్రముఖుడు, అంతే. నేటి మాటల్లో చెప్పాలంటే సంఘానికి పెద్ద. పదిమందితో కలిసి చందా వేసినవాడు. క్రీస్తుకు పూర్వపు ఆంధ్రదేశంలో పేరు తెలిసిన అతికొద్దిమంది రాజుల్లో ఒకడు ఇలా కనిపించడం నాకు అమితానందం కలిగించింది. అతని కోట ఎక్కడుందో చెప్పే రాయి లేదు. ఊరివారు మాత్రం పక్కనున్న మరొక దిబ్బను 'విక్రమార్కకోట దిబ్బ' అన్నారు. బుద్ధుణ్ణి మరచిన జనం, రాజులేనిదే ఇంత కట్టడం ఎవరికి సాధ్యమని విక్రమార్కుణ్ణి తెచ్చుకున్నారు కాబోలు.

ఇక చెప్పక తప్పనిది ఒకటుంది. రీ రాకముందే స్తూపం చాలావరకు పోయింది. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో కాలువలు, రోడ్లు సాగాయి. స్తూపం ఇటుకలు రోడ్డుకు, పాలరాళ్ళు వెల్లటూరు తూముకు పోయాయి. చదివినప్పుడు మండిపడ్డాను. తరువాత ఆలోచించాను. ఆ తూము నీరు మా చేలకు రాదు, మాది తూర్పు కాలువ. అయినా ఒకే ఆనకట్ట నీరు. ఆ నీటితో పండిన వరి తిని పెరిగినవాణ్ణి నేను. ఎవరిపై మండిపడను?

తిరుగుదారిలో వెల్లటూరు దగ్గర ఆగి కాలువలోకి తొంగి చూశాను. నీరు నిండుగా పారుతోంది. రాళ్ళు కనబడలేదు.