పుంజు చరిత్రకెక్కింది, మరి పెరట్లో పెట్ట?

ఈ ఎపిసోడ్ కోళ్ల గురించి. ఫారం కోళ్లు కాదు, బిర్యానీ అసలే కాదు. ఇంటి వెనక పెరట్లో నాలుగైదు కోళ్లు పెంచుకోవడం మనకి ఎక్కడి నుంచి వచ్చింది, ఎలా తగ్గిపోయింది, ఇప్పుడు మళ్లీ ఎందుకు మొదలవుతోంది అన్నది చూద్దాం.

ముందుగా ఒక ప్రశ్న. తెలుగు చరిత్రలో కోడి అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? పల్నాటి యుద్ధమే కదా! 12వ శతాబ్దం. ఒకవైపు బ్రహ్మనాయుడు, ఇంకోవైపు నాయకురాలు నాగమ్మ. మధ్యలో కోడిపందెం. పందెంలో ఓడిన మాచర్ల వాళ్లు ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది, చివరికి కారంపూడి దగ్గర యుద్ధం. తర్వాత శ్రీనాథుడు దాన్ని కావ్యంగా రాశాడు. క్రీడాభిరామం చూసినా అంతే. ఓరుగల్లు వీధుల్లో తిరిగే ఇద్దరు స్నేహితులకి కనిపించే వింతల్లో కోడిపందెం కూడా ఉంది. ఇక సంక్రాంతి సంగతి చెప్పక్కర్లేదు. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ పుంజు రంగు రంగుకీ ఒక పేరు. ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం అని ఒక శాస్త్రమే ఉంది.

గమనించారా? ఇవన్నీ పుంజు కథలే. పల్నాటి కథ చెప్పేవాళ్లు పందెం కోళ్ల పేర్లు కూడా చెబుతారు. మరి పెట్ట? రోజూ గుడ్డు పెట్టింది, పిల్లల్ని లేపింది, ఇంటికి ఉప్పు చింతపండు తెచ్చింది పెట్టే కదా. దాని కథ ఏ కావ్యంలో ఉంది? ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

మొదలు అడవిలో ఉంది. మన ఇళ్లలో కోళ్ల మూలం ఎర్ర అడవికోడి. ఈ మాట 1868లోనే డార్విన్ రాశాడు, అది మచ్చికైంది భారతదేశం వైపు అని అనుకున్నాడు. 2020లో వచ్చిన జన్యు పరిశోధన దాన్ని కొంచెం తూర్పుకి జరిపింది. నైరుతి చైనా, మయన్మార్, ఉత్తర థాయ్‌లాండ్ ప్రాంతాల అడవికోడే మన కోడికి దగ్గరి చుట్టం అని తేలింది. 2022లో ఇంకో పరిశోధన వచ్చింది. కచ్చితంగా ఇవి పెంపుడు కోళ్ల ఎముకలే అని చెప్పగలిగినవాటిలో అన్నిటికంటే పాతవి థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికాయి. క్రీస్తుపూర్వం 1650 నుంచి 1250 మధ్యవి.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. కోడిని మనిషి వల వేసి పట్టి తెచ్చాడు అని ఆ పరిశోధకులు అనలేదు. మనుషులు వరి, కొర్ర లాంటి గింజలు పండించి నిలవ చేయడం మొదలుపెట్టాక, ఆ గింజల కోసం అడవికోడే చెట్టు దిగి ఊళ్లోకి వచ్చి ఉంటుంది అన్నారు. అంటే రాలిన గింజల కోసం మనిషి గుమ్మం దగ్గరికి వచ్చిన పిట్ట ఇది. వడ్లు దంచే చోటు, నూకలు చెరిగే చోటు, అంట్లు తోమే చోటు, ఇవే దాని ఊరు. ఆ పనులన్నీ ఇంట్లో ఎవరు చేసేవారు? ఆడవాళ్లు. కోడిపెట్ట ఆడవాళ్ల వెంట తిరగడానికి కారణం అక్కడే ఉంది.

మన వాటా కూడా ఇందులో ఉందండోయ్. స్థూలంగా చెప్పాలంటే గోదావరికి ఈశాన్యాన ఎర్ర అడవికోడి, దక్షిణాన బూడిదరంగు అడవికోడి. నల్లమలలో తిరిగేది ఈ రెండోదే. 2008లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఏం కనిపెట్టారంటే, కోళ్లకి పసుపు కాళ్లు, పసుపు చర్మం ఇచ్చే జన్యువు ఎర్ర అడవికోడి నుంచి రాలేదు, ఈ బూడిదరంగు కోడి నుంచే వచ్చింది అని. అంటే అమెరికాలో పసుపు కాళ్ల కోడిని చూసినా, అందులో దక్షిణ భారతం అడవి కొంచెం ఉన్నట్టే.

సరే, ఇప్పుడు మన పెరట్లోకి వద్దాం. పాత పద్ధతిలో కోడికి ఖర్చు అంటూ ఏమీ లేదు. రాత్రి గంప కింద కమ్మేస్తారు, లేదా మట్టి గూట్లోకి తోలుతారు. పొద్దున్నే వదిలేస్తారు. గుప్పెడు నూకలు, కాస్త తవుడు. మిగతాది అదే చూసుకుంటుంది. పురుగులు, గింజలు, పెంట దిబ్బ. పిల్లలకి చెదలు కావాలంటే కుండలో గడ్డి, పేడ పెట్టి నేల మీద బోర్లించేవాళ్లు. ఒకటి రెండు రోజుల్లో చెదలు పట్టేవి. అదే చిన్న పిల్లలకి బలమైన తిండి.

ఆదాయమో? నాటు పెట్ట ఏడాదికి 50, 60 గుడ్లు పెడుతుంది. తక్కువే. కానీ ఆ గుడ్లు కొట్లో ఇచ్చి ఉప్పు, నూనె తెచ్చుకునేవాళ్లు. పిల్లాడి పలక, పండక్కి గాజులు, జ్వరం వస్తే మందు, ఇవన్నీ గుడ్డు డబ్బులే. ధాన్యం డబ్బు మగవాడి చేతిలో, పాడి డబ్బు మీద కూడా అందరి కన్ను. గుడ్డు డబ్బు మాత్రం చాలా ఇళ్లల్లో ఆవిడదే. లెక్క అడిగేవాళ్లు లేరు. తూర్పుగోదావరి మన్యంలో వాటాకి ఇవ్వడం అని ఒక పద్ధతి ఉంది. కోడి లేని మనిషికి ఒక పెట్టని ఇస్తారు. పిల్లలు లేచాక పంచుకుంటారు. బ్యాంకు లేదు, సంతకం లేదు. ఏమీ లేని మనిషికి కూడా ఏడాది తిరిగేసరికి సొంతంగా కోళ్లు ఉంటాయి.

ఇప్పుడు మనందరికీ తెలిసిన సామెత ఒకటి చూద్దాం. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదా అని ముసలమ్మ అనుకుందట. ఆవిడ అమాయకత్వం మీద తరతరాలుగా నవ్వుకుంటున్నాం. ఒక్కసారి ఆగి ఆలోచించండి. ఆ ముసలమ్మ ఆస్తి మొత్తం ఏంటి? ఒక కోడి, ఒక కుంపటి. ఊరు వదిలేటప్పుడు చంకలో పెట్టుకుని పోగలిగిన ఆస్తి. భూమి పట్టా ఆవిడ పేరు మీద లేదు. ఆ కోడి మీద అంత గర్వం ఉండటంలో తప్పేముంది?

మరి ఇంత చవకైన పని అయితే ప్రతి ఇంట్లో నాలుగు కోళ్లు నలభై ఎందుకు కాలేదు? కారణం కొక్కెర తెగులు. ఊళ్లో ఒక కోడికి వచ్చిందంటే వారంలో గంపలన్నీ ఖాళీ. మెడ తిరిగిపోతుంది, పచ్చగా పారుతుంది, పడిపోతుంది. దీన్నే పుస్తకాల్లో రాణిఖేత్ జబ్బు అంటారు. 1926 ప్రాంతంలో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో, జావాలో గుర్తించారు. 1920ల చివర్లో మన దేశంలో రాణిఖేత్ దగ్గర కనిపించింది, ఆ పేరే ఉండిపోయింది. 1940ల్లో ముక్తేశ్వర్ ప్రయోగశాలలో దీనికి టీకా తయారైంది. రాణిఖేత్, ముక్తేశ్వర్ రెండూ ఇప్పటి ఉత్తరాఖండ్ కొండల్లోనే ఉన్నాయి. మందు వచ్చింది కానీ, అది ఐదు కోళ్లున్న గుడిసె దాకా రావడం వేరే సంగతి. టీకా సీసా వందల కోళ్లకి సరిపడా వస్తుంది. దాన్ని చల్లగా ఉంచాలి, కలిపాక కొన్ని గంటల్లో వాడెయ్యాలి. ఐదు కోళ్ల కోసం సీసా ఎవరు విప్పుతారు? అదే వెయ్యి కోళ్ల షెడ్డుకైతే ఇబ్బందే లేదు. కాబట్టి సైన్సు ముందు పెద్ద ఫారానికే పనికొచ్చింది.

తర్వాత కథ మీకు కొంత తెలుసు. 1971లో డాక్టర్ బి.వి. రావు వెంకటేశ్వర హ్యాచరీస్ మొదలుపెట్టారు. 1982లో ఆయన ముందుండి నెక్ ఏర్పాటు చేశారు. అప్పటిదాకా గుడ్డు ధర వ్యాపారులు చెప్పిందే. ఇక నుంచి రైతులు చెబుతాం అన్నారు. ఫలితం చూడండి. 1950–51లో దేశం మొత్తం మీద 183 కోట్ల గుడ్లు, మనిషికి ఏడాదికి 5. 2023–24లో 14 వేల కోట్లు దాటాయి, మనిషికి 103. అందులో ఆంధ్రప్రదేశ్‌ది దేశంలోనే మొదటి స్థానం. బడిలో మధ్యాహ్న భోజనంలో మీరు గుడ్డు తిన్నారంటే దాని వెనక ఈ చరిత్ర ఉంది. దీన్ని తక్కువ చేయడానికి లేదు.

అయితే ఒకటి పోయింది. ఫారం పెట్ట ఏడాదికి 300 పైన గుడ్లు పెడుతుంది, కానీ పొదగదు. ఎందుకంటే పొదుగుకి కూర్చున్న కోడి గుడ్లు పెట్టడం ఆపేస్తుంది. పొదిగే 21 రోజులు, తర్వాత పిల్లల్ని తిప్పే వారాలు, అంతా ఫారానికి నష్టమే. అందుకని పొదగని కోళ్లనే ఏరి, తరాల తరబడి వాటినే పెంచారు. చివరికి తల్లి కాలేని పెట్ట తయారైంది. పిల్లలు కావాలంటే మెషిన్ కావాలి, హ్యాచరీ కావాలి, డబ్బు కావాలి. ముసలమ్మ చంకలో పెట్టుకుని పోగలిగిన ఆస్తి అలా ప్రతిసారీ కొనుక్కోవాల్సిన వస్తువు అయింది.

పెరటి కోసం కూడా పరిశోధన జరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్ వాళ్లు వనరాజా, గ్రామప్రియ అనే కోళ్లు తయారుచేశారు. చూడ్డానికి నాటుకోళ్లలాగే రంగురంగులుగా ఉంటాయి, బయట తిరిగి మేస్తాయి. వనరాజా గుడ్లకీ మాంసానికీ పనికొస్తుంది, గ్రామప్రియ పెరట్లోనే ఏడాదికి 160 నుంచి 180 దాకా గుడ్లు పెడుతుంది. నాటు పెట్టకి మూడు రెట్లు! మీరు ఇంటి దగ్గర మొదలుపెట్టాలనుకుంటే ఇవి మంచివే. కాకపోతే వీటికీ పొదిగే గుణం బాగా తక్కువ.

అందుకే నేను చెప్పేది ఒక్కటే. నాలుగు కోళ్లు పెంచితే అందులో ఒక్కటైనా నాటు పెట్ట ఉండనివ్వండి. అది తక్కువ గుడ్లు పెడుతుంది, నిజమే. కానీ పొదుగుకి వచ్చినప్పుడు దాని కింద పది పన్నెండు గుడ్లు పెట్టండి, తనవైనా పక్కదానివైనా ఒకటే. కూర్చుంటుంది. 21 రోజులకి పిల్లలు లేస్తాయి. గద్ద వస్తే రెక్కల కింద దాచేది కూడా అదే. ఏ మెషినూ చేయని పని అది. ఒక మాట గుర్తుంచుకోండి, పుంజు లేకపోయినా పెట్ట గుడ్లు పెడుతుంది గానీ ఆ గుడ్లు పిల్లలు కావు. పిల్లలు కావాలంటే పుంజు ఉండాలి. కొక్కెర టీకా మాత్రం మానొద్దు. ఐదు కోళ్లకి సీసా ఎవరు విప్పుతారు అన్నాం కదా, మీ వీధిలో నాలుగు ఇళ్లు కలిసి ఒకే రోజు వేయించుకోండి, సరిపోతుంది. ఉన్నట్టుండి కోళ్లు వరసగా చనిపోతే ముట్టుకోకుండా పశువుల ఆసుపత్రికి చెప్పండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది చూశాం కదా.

పెట్ట చరిత్ర పుస్తకాల్లో లేదు అన్నాను. కానీ అది పూర్తిగా పోలేదు. మీ అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో ఉంది. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి. అమ్మమ్మా, నీ చిన్నప్పుడు ఇంట్లో ఎన్ని కోళ్లుండేవి, గుడ్ల డబ్బులతో నువ్వు సొంతంగా కొనుక్కున్న మొదటి వస్తువు ఏంటి అని. ఆవిడ చెప్పేది రికార్డు చేసి పెట్టుకోండి. ఎక్కడా రాయని చరిత్ర అది. వీలైతే ఆ మాటలు కింద కామెంట్లలో రాయండి, వచ్చే ఎపిసోడ్‌లో చదువుకుందాం. ఉంటాను మరి.