ఒకే గడప, రెండు పొయ్యిలు

కార్వేటినగరంలో మా నాయనా చిన్నాయనా వేరు పడినప్పుడు ఇంటి మధ్యలో గోడ లేచింది, వెనక రెండో పొయ్యి వెలిగింది. ఎవరి అనుమతీ అడగలేదు.

అమెరికాలో అలా కుదరదు. స్థలానికి ఒకే కుటుంబం ఉండాలని 1916లో బర్క్‌లీ నగరం కొన్ని వాడలకు హద్దు గీసింది; చాలా ఊళ్లు అదే పట్టాయి. ఇళ్లు చాలక 2019లో ఒరెగాన్ రాష్ట్రం చట్టం మార్చింది. జనాభా 10,000 దాటిన ఊళ్లలో అలాంటి స్థలంలో డూప్లెక్స్ కట్టుకోవచ్చంది. (మనం డూప్లెక్స్ అనే మేడమెట్ల ఇల్లు కాదు, రెండు కాపురాల ఇల్లు.)

మనకు చట్టం కావాల్సింది గోడకు కాదు, వాటాకు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా కూతురికీ హక్కునిచ్చిన మన రాష్ట్ర సవరణ 1986లో వచ్చింది. అదీ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. మా మేనత్త అలా మిగిలిపోయింది. పండక్కి వస్తే ఏ పొయ్యి దగ్గరికి పోవాలో తెలీక, సంచి వసారాలోనే దించేది.