కష్టకాన్పు తరువాత సిజేరియన్: ఒక నిర్ణయం నడచివచ్చిన దారి

ఒక స్త్రీ రెండవసారి గర్భవతి అయినదని తెలియగానే మన ఇళ్ళలో పెద్దవాళ్ళు అడిగే ప్రశ్న ఒకటుంది: "తొలికాన్పు సుఖంగా అయిందా?" ఆసుపత్రిలో వైద్యులు అడిగేదీ అదే. బిడ్డ దాటి రావలసిన ఎముకల గుండ్రాన్ని కటివలయం అంటారు. ఎదిగిన స్త్రీలో దాని కొలత ఒక కాన్పుకూ మరొక కాన్పుకూ మధ్య చెప్పుకోదగినంతగా మారదు. అది బాగా ఇరుకుగా ఉండి మొదటి బిడ్డకు అడ్డుపడితే రెండవ బిడ్డకూ అడ్డుపడవచ్చు. గర్భాశయం మీద పాత కోత మచ్చ ఉంటే అదీ లెక్కలోకి రావలసిందే. కాబట్టి జరిగిన కాన్పు జరగబోయే కాన్పును గురించి ఏదో ఒకటి చెబుతుంది. అది విని ముందుగానే ఒక ఉపాయం ఆలోచించగలగడానికి మాత్రం వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టింది.

1777వ సంవత్సరం అక్టోబరు 1వ తేదీ రాత్రి ప్యారిస్ నగరంలో సిగో అనే వైద్యుడు ఒక సైనికుని భార్యకు పురుడు పోశాడు. ఆమె పేరు సూషో. చిన్నతనంలో రికెట్స్ వ్యాధి సోకి ఎముకలు వంగిపోయిన మనిషి. ఎత్తు నాలుగడుగులు కూడా లేదు. అంతకు ముందు నాలుగు కాన్పులయ్యాయి, ఒక్క బిడ్డా దక్కలేదు. అయిదవసారి ఏమి జరగబోతున్నదో ఆమెకూ తెలుసు, వైద్యునికీ తెలుసు. కడుపు కోసి బిడ్డను తీస్తే తల్లి బతకడం అరుదు. సిగో విద్యార్థిగా ఉన్నప్పుడే, 1768లో, మరొక మార్గం సూచించాడు. కటివలయంలో ముందువైపు రెండు ఎముకలను కలిపే మృదులాస్థిని కోస్తే దారి కొంచెం వెడల్పవుతుందని ఆయన వాదం. అప్పటి శస్త్రవైద్య పరిషత్తు దానిని తోసిపుచ్చింది. తొమ్మిదేళ్ళ తరువాత ఈ తల్లి విషయంలో ఆయన ఆ పని చేసి చూపించాడు. బిడ్డ ప్రాణంతో పుట్టాడు. ప్యారిస్ వైద్యవిద్యాపీఠం సంతోషించి ఒక పతకం ముద్రింపించింది. తల్లికి మాత్రం మూత్రం ఆగకుండా కారే బాధ మిగిలింది, నడక చెడిపోయింది. ఆ పతకాన్ని గురించి చదివినప్పుడల్లా ఈ రెండవ సంగతి కూడా గుర్తుంచుకోవాలని నాకు అనిపిస్తుంది.

ఆ రోజులలో ఇరుకు కటివలయం గల స్త్రీకి వేరే దారులేమున్నాయి? బిడ్డ పుర్రెను గుచ్చి, కుదించి బయటకు లాగడం ఒకటి. వినడానికే భయంకరమైన ఈ పని తల్లి ప్రాణం కాపాడడానికి చేసేవారు. రెండవది కొంత దయగలది. 1756లో లండన్ ప్రసూతి వైద్యులలో ప్రముఖులు సమావేశమై, నెలలు పూర్తిగా నిండకముందే నొప్పులు తెప్పించి చిన్న బిడ్డను కనేటట్లు చేయడం తగిన పనేనని ఒప్పుకున్నారు. డెన్‌మన్ అనే వైద్యుడు ఈ సంగతి రాసిపెట్టాడు. బిడ్డ పెరిగి దారికి అడ్డం కాకముందే బయటకు తేవడం దీని ఉద్దేశం. వెనుకటి కాన్పును చూసి, వచ్చే కాన్పుకు ముందుగా రోజు నిర్ణయించడం ఇక్కడ కనిపిస్తుంది. అయితే నెలలు నిండని బిడ్డను కాపాడే సాధనాలు అప్పుడు లేవు. పుట్టిన వారిలో ఎందరో బతకలేదు.

వెనుకటి కాన్పు కథ మరొకచోట కూడా చరిత్రలో చోటు చేసుకున్నది. 1847 నవంబరులో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ ప్రసవవేదనకు మొట్టమొదటిసారి క్లోరోఫారం వాడినది ఏ తల్లికి? అంతకు ముందు పల్లెటూరిలో మూడు రోజులు నొప్పులు పడి, చివరకు పుర్రె గుచ్చి తీసిన బిడ్డను పోగొట్టుకొన్న ఒక స్త్రీకి. మత్తు మొదలుపెట్టిన సుమారు 25 నిమిషాలలో ఈసారి బిడ్డ పుట్టింది. మెలకువ వచ్చిన తల్లిని, ఈ బిడ్డ నీ బిడ్డేనని నమ్మించడం కష్టమైపోయిందని సింప్సన్ రాశాడు. మొదటి కాన్పు ఆమె మనసులో ఎంత లోతుగా నాటుకొని ఉన్నదో దీనివల్ల ఊహించుకోవచ్చు.

ఇక కడుపు కోసి బిడ్డను తీసే పద్ధతి సంగతి. ఇది కొత్తది కాదు. గర్భిణి మరణించి, కడుపులో బిడ్డ కదులుతూ ఉంటే వెంటనే కోసి తీయాలని సుశ్రుత సంహిత చెబుతుంది. జూలియస్ సీజరు ఇలా పుట్టాడనీ, అందుకే ఈ పేరు వచ్చిందనీ చాలామంది అనుకుంటారు. అది నమ్మదగినది కాదు. ఆ రోజులలో ఈ కోత జరిగితే తల్లి బతికేది కాదు. సీజరు తల్లి అరీలియా కొడుకు పెద్దవాడయ్యే దాకా జీవించే ఉన్నది. బతికి ఉన్న తల్లికి ఈ శస్త్రచికిత్స చేయడమనే ఆలోచన 16వ శతాబ్దంలో ఐరోపాలో గట్టిగా వినిపించినా, ఫలితాలు మాత్రం దారుణంగా ఉండేవి. 1865 నాటికి బ్రిటనులో ఈ కోతకు గురయిన తల్లులలో నూటికి 85 మంది చనిపోయేవారు. 1787 నుంచి 1876 వరకు ప్యారిస్‌లో ఈ శస్త్రచికిత్స జరిగి బతికిన తల్లి ఒక్కతె కూడా లేదంటారు.

ఇంతమంది ఎందుకు చనిపోయారు? చేతులూ పనిముట్లూ శుభ్రంగా ఉండవలెనన్న జ్ఞానం లేదు, చీము పట్టేది. కోసిన గర్భాశయాన్ని కుట్టేవారు కారు. అది తనంతట తానే ముడుచుకొని మూసుకొంటుందని నమ్మకం. లోపల వేసిన కుట్లను మళ్ళీ తీయడానికి వీలుండదు గనుక అవి కుళ్ళుతాయని భయం. దానితో రక్తస్రావం ఆగేది కాదు. మూడవ కారణం కత్తికి సంబంధించినది కాదు, గడియారానికి సంబంధించినది. నాలుగు రోజులు నొప్పులు పడి, మంత్రసానులూ వైద్యులూ తమకు తెలిసిన ఉపాయాలన్నీ ప్రయోగించి, తల్లి సొమ్మసిల్లి జ్వరంతో కాలిపోతున్నప్పుడు ఇక గతి లేక కత్తి పట్టేవారు. చివరి ఘడియలో చేసిన పనికి చావు తప్ప మరేమి వస్తుంది?

ఈ మూడవ కారణాన్ని పట్టుకొని వాదించినవాడు ఫిలడెల్ఫియా వైద్యుడు రాబర్ట్ హారిస్. నిండు చూలాలుగా ఉండగా ఆవులూ ఎద్దులూ కొమ్ములతో పొడిచి కడుపు, గర్భాశయం చీలిన స్త్రీల వృత్తాంతాలను ఆయన వెదకి వెదకి కూర్చి 1887లో ప్రకటించాడు. తొమ్మిదిమందిలో అయిదుగురు బతికారు! అదే కాలంలో న్యూయార్కు నగరంలో వైద్యులు చేసిన సిజేరియన్లలో కోలుకొన్న తల్లి ఒక్కతె మాత్రమే. ఎద్దు కొమ్ము వైద్యుని కత్తికంటె మెరుగని దీని అర్థం కాదు. కొమ్ముపోటు తిన్న స్త్రీ ఆ క్షణం వరకు ఆరోగ్యంగా ఉన్నది. సిజేరియన్ బల్లమీదికి చేరిన స్త్రీ అప్పటికే సగం చచ్చి ఉన్నది. కాబట్టి చేయవలసి ఉంటే ముందే చేయాలి, శక్తి ఉన్నప్పుడే చేయాలి. ఇంత చిన్న సంగతిని అంగీకరింపజేయడానికి ఇంత వింత లెక్క కావలసి వచ్చింది.

ఈలోగా కత్తి సంగతీ బాగుపడింది. 1867లో లిస్టరు కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను కాపాడే పద్ధతిని ప్రకటించాడు. 1876లో ఇటలీలోని పావియా నగరంలో ఎడ్వర్డో పోరో బిడ్డను తీసిన వెంటనే గర్భాశయాన్ని కూడా కోసి తొలగించాడు. రక్తస్రావం ఆగింది, తల్లి బతికింది. అయితే ఆమెకు ఇక కాన్పన్నదే లేదు. 1882లో లైప్‌జిగ్‌కు చెందిన మాక్స్ సేంగర్ వెండితీగతోనూ పట్టుదారంతోనూ గర్భాశయాన్ని జాగ్రత్తగా కుట్టే విధానాన్ని వివరించాడు. కుట్టిన గర్భాశయం మళ్ళీ బిడ్డను మోయగలదు. మన కథకు అసలయిన మలుపు ఇదే.

ఈ మలుపు ఫలితం గ్లాస్గో నగరంలో కనిపించింది. అది పొగగొట్టాల ఊరు. ఇరుకు వీధులలో పిల్లలకు ఎండ తగిలేది కాదు, తిండి చాలేది కాదు. ఎండవల్ల శరీరంలో తయారయ్యే డి విటమిన్ లోపిస్తే రికెట్స్ వస్తుందని ఆనాడు ఎవరికీ తెలియదు. అలా వంకరపోయిన ఎముకలతో పెరిగిన బాలికలే తరువాత తల్లులయ్యారు. 1888 ఏప్రిల్ 10వ తేదీన మర్డాక్ కామెరన్ అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో అటువంటి ఒక పొట్టి స్త్రీకి సిజేరియన్ చేశాడు. తల్లీబిడ్డ ఇద్దరూ క్షేమం. బిడ్డకు సీజర్ కామెరన్ అని పేరు పెట్టుకొన్నారు.

ఇక వైద్యునికి ధైర్యం వచ్చింది. వెనుక బిడ్డలను పోగొట్టుకొన్న స్త్రీని ముందే పరీక్షించి, కటివలయం కొలిచి, ఫలానా వారంలో శస్త్రచికిత్స అని చెప్పడం సాధ్యమయింది. దానితోపాటు కొత్త చిక్కు పుట్టింది. కోసి కుట్టిన గర్భాశయం తరువాతి కాన్పు నొప్పులకు తట్టుకొంటుందా? ఆ రోజులలో గర్భాశయం పైభాగాన నిలువుగా కోసేవారు. బలంగా సంకోచించే కండరమంతా అక్కడే ఉంటుంది. అటువంటి మచ్చ తరువాతి గర్భంలో నూటికి 4 నుంచి 9 మందిలో చిట్లుతుందని అంచనా. 1916లో న్యూయార్కు వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్, ఒకసారి సిజేరియన్ అయితే తరువాతవన్నీ సిజేరియన్లేనని హెచ్చరించాడు. ఆ మాట సామెత అయిపోయింది. కాని ఆయన చెప్పదలచినది వేరు: తరువాతి కాన్పులకు కూడా ముడి పడుతుంది గనుక మొదటి కోతను తేలికగా తలపెట్టవద్దని. అపవాదాలు ఉన్నాయనీ ఆయనే ఒప్పుకొన్నాడు. మొదటి కోతకు అడ్డుకట్టగా చెప్పిన మాట రెండవ కోతకు శాసనమై కూర్చోవడం విచిత్రమే.

మచ్చ బెడదను తగ్గించినవాడు మళ్ళీ గ్లాస్గో వైద్యుడే. మన్రో కెర్ 1911 నుంచి గర్భాశయం కింది భాగంలో, కండరం పలచగా ఉన్నచోట, అడ్డంగా కోసి చూశాడు. 1920లలో దానికి విశేషంగా ప్రచారం చేశాడు. ఈ కోత మచ్చ బాగా గట్టిపడుతుంది. సల్ఫా మందులు, పెన్సిలిన్, రక్తదానం తోడయిన తరువాత సిజేరియన్ భయం చాలావరకు పోయింది. కర్నూలులో పుట్టి మద్రాసు ఎగ్మూరు ప్రసూతి వైద్యశాలలో పనిచేసిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు రాసిన ప్రసూతిశాస్త్ర గ్రంథం మన వైద్యవిద్యార్థులకు తరతరాలుగా పాఠ్యపుస్తకం.

అంతా సుఖాంతమని అనుకోవద్దు. ఐర్లండులో 1940ల నుంచి 1980ల వరకు సుమారు 1,500 మంది స్త్రీలకు సిగో నాటి మృదులాస్థి కోతనే చేశారు. సిజేరియన్ తేలికయిన కాలంలో ఎందుకిలా? సిజేరియన్లు పదే పదే చేస్తే సంతానసంఖ్యకు హద్దు పడుతుందనీ, తల్లి కుటుంబనియంత్రణకు మొగ్గవచ్చుననీ అక్కడి కొందరు వైద్యుల చింత. చాలామందికి ఏమి చేయబోతున్నారో ముందుగా చెప్పనే లేదు. నడుము నొప్పులతో, చెడిన నడకతో ముసలివారయిన ఆ స్త్రీలకు 2014లో ప్రభుత్వం నష్టపరిహార పథకం ఏర్పాటు చేసింది. ప్యారిస్ తల్లి బాధ రెండున్నర శతాబ్దాలకు గాని చర్చకు రాలేదనవచ్చు.

నేడు కష్టకాన్పు అంటే ఇరుకు కటివలయం ఒక్కటే కాదు. గంటల తరబడి నొప్పులు, పట్టుకారుతో లాగిన కాన్పు, మలద్వారం దాకా చిరుగు, బిడ్డ భుజం చిక్కుకోవడం, తీవ్ర రక్తస్రావం, వీటన్నిటి తరువాత మిగిలే భయం కూడా ఇందులోవే. భుజం చిక్కుకొనే ప్రమాదాన్ని తల్లికి చెప్పకుండా దాచిన ఒక వ్యాజ్యంలో బ్రిటిష్ సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పింది. అటువంటి ప్రమాదాన్నీ, ప్రత్యామ్నాయాలనూ తల్లికి వివరించడం వైద్యుని బాధ్యత అన్నది.

పాత కోత కింది భాగంలో అడ్డంగా ఉన్నదయితే తల్లికి రెండు దారులూ తెరచి ఉంటాయి. సహజ కాన్పుకు ప్రయత్నించినవారిలో ప్రతి నలుగురిలో సుమారు ముగ్గురికి అది నెరవేరుతుంది. మచ్చ చిట్లడం సుమారు 200 మందిలో ఒకరికి. ముందే నిర్ణయించిన సిజేరియన్‌లో ఆ చిట్లడం ఇంకా అరుదు. కాని కోతలు పెరిగేకొద్దీ తరువాతి గర్భంలో మాయ పాత మచ్చలోకి పాతుకొనిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ రక్తస్రావాన్ని ఎదుర్కోవడం పెద్ద ఆసుపత్రికే కష్టం. ఇంకా ఎందరు బిడ్డలు కావాలని అనుకుంటున్నారో ముందే అడగడం అందుకే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 సిజేరియన్లు, దేశం మొత్తం మీద 21.5. ఇన్నిటిలో ఎన్ని పాత కష్టం చూసి తీసుకొన్న నిర్ణయాలో, ఎన్ని పంచాంగం చూసి పెట్టిన ముహూర్తాలో ఈ అంకెలు చెప్పవు. ముహూర్తం సంగతి ఎలా ఉన్నా, తొందరపడవలసిన వైద్య కారణం లేనప్పుడు 39 వారాలు నిండేవరకు ఆగడం మంచిది. ఇంకా ముందుగా తీసిన బిడ్డలకు ఊపిరి ఇబ్బంది ఎక్కువ.

మరొక మాట. పొట్టమీది చర్మపు మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భాశయం మీద కోత కూడా అడ్డంగానే ఉన్నదని చెప్పలేము. అది తెలిసేది వెనుకటి ఆసుపత్రిలో ఇచ్చిన శస్త్రచికిత్స వివరాల కాగితం వల్లనే. రెండవ కాన్పుకు వచ్చిన తల్లిని వైద్యులు ఆ కాగితం తెమ్మంటారు. పెళ్ళి ఫోటోలు బీరువాలో భద్రంగా ఉంటాయి, ఇది మాత్రం చాలాసార్లు దొరకదు.