బళ్ళారినుండి మదరాసుకు: తొలి తపాలా విమానపు రెండవ సగము

తిరుత్తణి కొండమెట్లెక్కి, స్వామిదర్శనము చేసికొని, వెలుపల ఒక్క క్షణము నిలిచి ఉత్తరదిక్కునకు చూచువారికి నగరి కొండలు నీలముగా కానవచ్చును. క్రింద రైలుమార్గము అరక్కోణమునుండి వచ్చి రేణిగుంటవైపు సాగిపోవును. కే.జీ.కండిగై మొదలుగా చుట్టుప్రక్కల ఊళ్ళలో తరతరములుగా నిలిచిన మన తెలుగు కుటుంబములవారికి ఇది దినదినము చూచెడి దృశ్యమే. చిత్తూరుసీమలో కండ్రిగ యందురు, ఇక్కడ కండిగై యందురు, మాట ఒక్కటే. కొండలును అంతే, సరిహద్దునకు ఇరువైపులవారివియును. ఆ కొండలమీది ఆకాశమున 1932వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీని ఒక చిన్న విమానము ఉత్తరముల సంచులతో మదరాసునకు పోయినది. మన దేశపు విమానచరిత్రలో ఆ ప్రయాణమునకు దక్కవలసిన చోటు దక్కలేదని నా అభిప్రాయము.

కథ మొదటి సగము అందఱెఱిగినదే. 1929లో ఇంపీరియల్ ఎయిర్వేస్‌వారు లండనునుండి కరాచీవఱకు తపాలా విమానములు నడపసాగిరి. ఆ ఉత్తరములను కరాచీలో అందుకొని బొంబాయి, మదరాసులకు చేర్చు పని టాటావారు పూనుకొనిరి. 1932 అక్టోబరు 15వ తేదీని తెల్లవాఱిన కొంతసేపటికి జే.ఆర్.డి. టాటాగారు 55 పౌండ్ల తపాలాతో కరాచీనుండి బయలుదేఱి, అహమ్మదాబాదులో దిగి, మధ్యాహ్నము రెండు గంటలు కాకమునుపే బొంబాయిలోని జుహూ చేరిరి. అహమ్మదాబాదులో విమానమునకు కావలసిన పెట్రోలు డబ్బాలు ఎడ్లబండిమీద వచ్చినవట! ఈ ముచ్చట ప్రతి గ్రంథములోను కానవచ్చును. కాని ఆ సంచులలో మదరాసు చిరునామాలుగల ఉత్తరములును ఉండెను. జుహూ చేరుటతో వానిపని తీరలేదు. చరిత్ర వ్రాయువారి కలము మాత్రము అచ్చటనే ఆగిపోవుచున్నది.

జుహూనుండి దక్షిణమునకు విమానము నడిపినవాడు నెవిల్ విన్‌సెంట్. ఈయన ఇంగ్లీషు వైమానిక దళమున పనిచేసిన దక్షిణాఫ్రికావాడు. 1929లో ఒక స్నేహితునితో కలిసి రెండు పాత యుద్ధవిమానములతో మన దేశమునకు వచ్చి, ఊరూర ప్రదర్శనలిచ్చుచు, ధనమిచ్చినవారిని ఆకాశమున త్రిప్పుచు తిరిగెను. తపాలా విమానముల ఆలోచన మొదట ఈయనదే. జే.ఆర్.డి.గారు దానిని తలకెత్తుకొని, దొరాబ్జీ టాటాగారిని ఒప్పించి, రెండు లక్షల రూపాయల మూలధనముతో కార్యరూపమునకు తెచ్చిరి. అనగా, తెలియని ఊరి మైదానమును పైనుండి చూచి, దిగవచ్చునా దిగరాదా యని నిర్ణయించుట విన్‌సెంట్‌కు మూడేండ్లుగా నిత్యకృత్యము. అట్టివానికే దక్షిణభాగము అప్పగింపబడుట ఉచితముగనే తోచుచున్నది.

విమానము పేరు పస్ మాత్. ఒక ఇంజను, దాని బలము 120 గుఱ్ఱములు. గూడుమీద ఒకే రెక్కల జత. నడుపువాడుగాక ఒకరిద్దఱికి చోటు. వేగము గంటకు సుమారు 160 కిలోమీటర్లు. రేడియో లేదు. రాత్రివేళ దారిచూపు దీపములు నేలమీద లేవు. కావున చీకటి పడకముందే ఎక్కడనో ఒకచోట దిగితీరవలెను. ఆ రాత్రి మజిలీ బళ్ళారి.

నేటి పాఠకులు విమానాశ్రయమనగానే కాంక్రీటు రన్‌వేను, గాజుతలుపుల భవనమును తలచుదురు. ఆనాటి మైదానములు చాలభాగము చదును చేసిన గడ్డినేలలే. గాలి ఎటునుండి వీచుచున్నదో తెలుపుటకు కొయ్యకు కట్టిన గుడ్డసంచి. పైనుండి గుర్తుపట్టుటకు నేలపై సున్నముతో గీచిన వలయము. అంతకుమించి ఎక్కువ ఆశింప వీలులేదు. క్రొత్తచోట దిగువాడు మొదట ఒకమాఱు తక్కువ ఎత్తున మైదానముమీదుగా పోయి చూచుకొనవలెను. పశువులున్నచో ఇంజను మ్రోతకు బెదరి తొలగిపోవును. తొలగనిచో మఱియొక చుట్టు. గుడ్డసంచి కానరానిచో పొయ్యిపొగ ఎటు వాలుచున్నదో, చెఱువునీటిలో అలలు ఎటు కదలుచున్నవో చూచి, గాలికి ఎదురుగా దిగవలెను. గాలి వీపుననుండగా దిగిన విమానము త్వరగా ఆగదు. మైదానము చాలక కంచెలోనికో కాలువలోనికో పోవును. నల్లరేగడి సీమలలో ఇంకొక చిక్కు కలదు. ఎండినప్పుడు ఱాయివలె గట్టిగానుండు ఆ నేల ఒక్క వానకు జిగురై చక్రములను పట్టివేయును. జుహూ మైదానమునకే వానకాలమున బురద పెద్ద శత్రువై, ఆ నెలలలో టాటావారు తమ విమానములను పూనానుండి నడపవలసివచ్చినది.

బళ్ళారిలో ఒక సదుపాయము కలదు: ఏకశిలవలె లేచిన దుర్గపు కొండ. దానిని దూరమునుండియే పోల్చవచ్చును. మదరాసులో దిగు మైదానముచెంతను అట్టిదే పరంగిమల. బయలుదేఱుచోటను, దిగుచోటను దేవుడే రెండు గుర్తుకొయ్యలు పాతియుంచినాడనవచ్చును. చిక్కంతయు ఈ రెంటికి నడుమనే.

పటము తీసికొని బళ్ళారినుండి మదరాసునకు కొలబద్దతో గీత గీచి చూడుడు. ఉరవకొండ దాపున, పులివెందుల, రాయచోటులకు కొంచెము దక్షిణముగా పోయి, పుత్తూరును తాకునంత దగ్గఱగా దాటి, తిరువళ్ళూరుమీదుగా మదరాసు చేరును. తిరుమల ఎడమవైపు, నగరియును తిరుత్తణియు కుడివైపు. మన తిరుత్తణి కొండకు ఆ గీత ఇరువది కిలోమీటర్లలోపలనే యున్నది. మొత్తము దూరము సుమారు 425 కిలోమీటర్లు. పస్ మాత్‌కు గాలి అనుకూలించినచో మూడు గంటలకు లోపు.

గీత గీయుట సులభము, దానిపై నిలుచుట కష్టము. వైమానికులకు ఒక లెక్క కలదు: దిక్సూచి ఒక డిగ్రీ తప్పినచో 60 కిలోమీటర్లకు ఒక కిలోమీటరు ప్రక్కకు తొలగుదురు. బళ్ళారినుండి తిరుపతి ఎదుటికి 320 కిలోమీటర్లు. ప్రక్కగాలి తెలియకుండ త్రోసినందువలన రెండు మూడు డిగ్రీలు ఎడమకు జరిగినచో, చెట్టుపుట్టలతో నిండిన శేషాచలపు కొండలనడుమ తేలుదురు. మేఘములు లేనిచో పరవాలేదు, కన్ను హెచ్చరించును. కాని అక్టోబరు నడిమి రోజులు నైరుతి వాన ముగిసి ఈశాన్యపు వాన మొదలగు సంధికాలము. కొండలు తలపాగా చుట్టుకొన్నట్లు మబ్బులు కప్పుకొను దినములు. ఇంజను ఆగినచో ఆ కొండలలో దిగుటకు అరచేతి వెడల్పు చదునునేల దొరకదు.

కావున ఆ కాలపు వైమానికులు రైలుపట్టాలను నమ్ముకొనుటలో ఆశ్చర్యమేమియు లేదు. బళ్ళారినుండి గుంతకల్లు, గుత్తి దుర్గము, తాడిపత్రి, పెన్న ప్రక్కగా కడప, చెయ్యేరు దాటి రాజంపేట, కోడూరు, పిదప రేణిగుంట, పుత్తూరు, తిరుత్తణి, అరక్కోణము, మదరాసు. దూరము సుమారు 500 కిలోమీటర్లగును. సూటిదారికంటె ఎక్కువైనది 75 కిలోమీటర్లు మాత్రమే. కాలములో అరగంటకు లోపు. ఆ అరగంట పెట్రోలుకు ప్రతిఫలముగా, కొండలను ఒక ప్రక్కకు నెట్టి లోయవెంట పోవుచు, స్టేషనుపేళ్ళవంటి గుర్తులతో, ఆపదవచ్చిన దిగుటకు పొలములతో దారి దొరకును. ఎండకాలము ఏటినీరు ఇంకిపోయిననుకూడ ఇసుకమేట పైనుండి తెల్లగా కనబడును; పెన్నకు ఆ గుణము కలదు. మన తాతలు మూడవతరగతి పెట్టెలో కునుకుచు దాటిన స్టేషన్లే ఆకాశమున పోవువానికి మైలుఱాళ్ళైనవి.

విన్‌సెంట్ అక్టోబరు 16వ తేదీని మదరాసు చేరెను. మదరాసుకు విమానము క్రొత్త కాదు. 1910లోనే హోటలు యజమాని డి ఏంజెలిస్ అను ఆయన సింప్సన్ కంపెనీవారిచే విమానము కట్టించి ఎగురవేసి జనమును విస్మయపఱచెను. 1930లో వైమానికసంఘమును వెలసెను. ఐనను లండనులో వేసిన ఉత్తరము రైలుముఖము చూడకుండ కరాచీనుండి ఇంతదూరము వచ్చుట అదే తొలిసారి. ప్రథమ సంవత్సరమున టాటా విమానములు 1,60,000 మైళ్ళు ఎగిరి పది టన్నులకుమించి తపాలాను మోసినవి.

పిదప కొన్నేండ్లలోనే ఈ దారి హైదరాబాదుమీదికి మఱలెను. బళ్ళారి మజిలీ మఱపునబడినది. విన్‌సెంట్ కథ ఇంకను విచారకరము. 1942 జనవరిలో ఆయన ఇంగ్లండునుండి మన దేశమునకు తిరిగివచ్చుటకు ఎక్కిన యుద్ధవిమానము గమ్యము చేరలేదు. తాను కన్న సంస్థ 1946లో ఎయిర్ ఇండియాయగుటయు, 1953లో ప్రభుత్వపరమగుటయు, 2022లో మరల టాటావారి చేతికి వచ్చుటయు ఆయన చూడలేదు.

ఆ విమానము దాటిన నేలకు కూడ మార్పులు తప్పలేదు. 1932లో బళ్ళారియు, అనంతపురము, కడపజిల్లాలును, తిరుత్తణితోకూడిన చిత్తూరుజిల్లాయును, మదరాసును ఒక్క రాజధానిలోనివే. విన్‌సెంట్ బళ్ళారిలో లేచి మదరాసులో దిగువఱకు ఒక్క సరిహద్దును దాటలేదు. 1953 అక్టోబరు 1వ తేదీని ఆంధ్రరాష్ట్రము ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము మనకు రాగా బళ్ళారి మైసూరునకు పోయినది. పటాస్కరుగారి తీర్పు ననుసరించి 1960 ఏప్రిలు 1వ తేదీని తిరుత్తణి మదరాసు రాష్ట్రమున కలిసినది. నేడు అదే గీతపై పోవువాడు మూడు రాష్ట్రములను చూడవలెను. ఇందు ఎవరికి న్యాయము జరిగినది, ఎవరికి జరుగలేదనునది వేఱొక వ్యాసమునకు తగిన విషయము. అట్టి వ్యాసములు మనవారు చాలనే వ్రాసిరి.

జే.ఆర్.డి.గారు 1962లో ఒకమాఱు, 1982లో డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున మఱియొకమాఱు కరాచీనుండి బొంబాయికి చిన్న విమానములో తమ తొలిప్రయాణమును మరల నడపి చూపిరి. 2021 అక్టోబరు 15వ తేదీని ఆరోహీ పండిట్ అను యువతి భుజ్‌నుండి అహమ్మదాబాదుమీదుగా జుహూకు తేలిక విమానములో వచ్చి అదే స్మృతిని గౌరవించెను. మూడు పర్యాయములును ప్రయాణము బొంబాయితోనే ఆగినది.

దక్షిణపు సగమును ఎవరైన నడపదలచినచో నేడు భయము తక్కువ, కాగితములు ఎక్కువ. ఉపగ్రహములు అతడున్నచోటును అడుగులతో చెప్పును. ఐనను క్రొత్త విమానాశ్రయమునకు పోవువాడు ముందురాత్రియే పటము పఱచుకొని రన్‌వే పొడవు, సముద్రమట్టమునకు ఎత్తు, చుట్టునున్న కొండలు, గాలివాలు, దిగరానిచో పోవలసిన మఱియొక చోటు వ్రాసికొనుట మానలేదు. రేణిగుంటలో దిగదలచినవాడు తిరుమల కొండల ఎత్తును మొదట చూచుకొనును. అరక్కోణమున 1992లో నెలకొన్న రాజాలి నావికాదళ స్థావరపు ఆకాశమున ప్రవేశించుటకు అనుమతి పొందవలెను. తిరుత్తణి చుట్టుప్రక్కల పిల్లలు తలయెత్తి చూచు పెద్ద విమానములు, హెలికాప్టరులు ఆ స్థావరమువే. పుత్తూరు దాటినపిదప నేటికిని అతనికి కుడిచేతివైపు మొదట నగరి, దాని వెనుక తిరుత్తణి కొండ, వాని పాదములచెంత అరక్కోణమునకు పోవు రైలుపట్టాలు కానవచ్చును.