ఆపమన్న మాట అందని వంతెన

1907 ఆగస్టు 29 సాయంత్రం, కూలీలు పని దిగే వేళ దగ్గర పడుతుండగా, కెనడాలోని క్విబెక్ నగరం చేరువలో సెయింట్ లారెన్స్ నది మీద కడుతున్న ఉక్కు వంతెన కూలిపోయింది. పట్టుమని పదిహేను సెకన్లు పట్టలేదు. ఆ వేళ దాని మీద ఉన్న 86 మందిలో 75 మంది పోయారు. ఉక్కులో చిక్కుకుని ప్రాణాలతో మిగిలిన కొందరిని రాత్రి పోటెత్తిన నీళ్లు ముంచేశాయి.

నేల కంపించలేదు. తుఫాను రాలేదు. వస్తున్నానని ఎన్నో రోజుల ముందే చెప్పి మరీ వచ్చిన మృత్యువది. అందుకే ఆ దుఃఖం ఇన్నేళ్లయినా చల్లారదు.

స్కాట్లండ్‌లోని ఫోర్త్ వంతెనకు రెండు ఆధారాల నడుమ దూరం, అంటే స్పాన్, 1,710 అడుగులు. దాన్ని మించి ప్రపంచంలోకెల్లా పొడవైనది కావాలని ఈ వంతెన పుట్టింది. మొదట 1,600 అడుగులనుకున్న స్పాన్‌ను 1,800కు పెంచారు. పొడవు పెరిగింది, బరువు లెక్క మాత్రం పాత కొలత దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు ఎవరైనా కూర్చుని మళ్లీ లెక్క కట్టి ఉంటే! తప్పు తేలేసరికి ఉక్కు చాలావరకు తయారై, కొంత బిగింపు కూడా అయిపోయింది. ఆ అదనపు భారాన్ని మోయగలదులే అన్నాడు కన్సల్టింగ్ ఇంజనీరు థియోడర్ కూపర్.

కూపర్ సామాన్యుడు కాదు, అమెరికాలో పేరు మోసిన వంతెనల నిపుణుడు. కానీ వయసు మీద పడింది, ఒంట్లో బాగుండేది కాదు. ఉక్కు పని మొదలయ్యాక ఆయన న్యూయార్క్ వదిలి ఒక్కసారీ సైటుకు రాలేదు. తన డిజైన్‌ను మరొకరు సరిచూస్తారంటే ఒప్పుకోలేదు. సైటులో ఆయనకు కళ్లు నార్మన్ మెక్లూర్ అనే కుర్ర ఇంజనీరు. వంతెన కట్టిస్తున్న కంపెనీ చీఫ్ ఇంజనీరు ఎడ్వర్డ్ హోర్‌కు ఇంత పెద్ద పని నడిపిన అనుభవం లేదు. తెలిసినవాడు దూరాన ఉన్నాడు, చూస్తున్నవాడికి అధికారం లేదు, అధికారం ఉన్నవాడికి ధైర్యం చాలలేదు.

ఆగస్టు 27న మెక్లూర్ వంతెన కింది వరుస దూలాల్లో ఒకదాన్ని కొలిచాడు. కొద్ది రోజుల కిందట ముప్పావు అంగుళమున్న వంపు రెండుంపావు అంగుళాలైంది. ఉక్కు భాగాలు తయారుచేసిన కంపెనీ మాత్రం అది మొదటినుంచీ ఉన్న వంపేనంది. బిగింపు పనుల పెద్ద ఫోర్‌మన్ భయపడి పని ఆపబోయాడు. అయ్యో, ఆ భయం నిలిచి ఉంటే! ఆపితే మనుషులు చెదిరిపోతారు, ఈ సీజనే పోతుందని హోర్ బెంగ. మర్నాడు పని సాగింది. ఆ ఫోర్‌మన్ కూడా వంతెనతోనే పోయాడు.

మెక్లూర్ రైలెక్కి న్యూయార్క్ వెళ్లాడు. 29 మధ్యాహ్నానికి కూపర్‌కు సంగతి అర్థమైంది. ఇక బరువు పెంచవద్దని టెలిగ్రామ్ కొట్టాడు. కొట్టింది క్విబెక్‌కు కాదు, పెన్సిల్వేనియాలోని ఫీనిక్స్‌విల్‌లో ఉన్న తయారీ కంపెనీకి. సైటుకు తాను కబురు పెడతానన్న మెక్లూర్, ఫీనిక్స్‌విల్ రైలు అందుకునే తొందరలో ఆ కబురు పెట్టలేదు. సాయంత్రం అక్కడి పెద్దలు కాసేపు మాట్లాడుకుని, రేపు తేలుద్దామని లేచారు. ఆ రేపు వంతెన మీది వాళ్లకు లేదు.

పోయినవాళ్లలో 33 మంది కానవాగె అనే ఊరి మొహాక్ ఆదివాసు‌లు. ఇకమీదట మగవాళ్లంతా ఒకే పనిలోకి వెళ్లకూడదని ఆ ఊరి స్త్రీలు పట్టుబట్టారని ఆ జనం నేటికీ చెప్పుకుంటారు. విచారణ కమిషన్ కూపర్‌నూ, డిజైన్ చేసిన పీటర్ స్లాప్కానూ తప్పుపట్టింది. మళ్లీ కడుతుండగా 1916లో మధ్యభాగం జారిపడి మరో 13 మంది పోయారు. 1917లో వంతెన పూర్తయింది. ఇలా చేతులు చాచినట్టు కట్టే కాంటిలివర్ వంతెనల్లో ఇవాళ్టికీ దాని స్పానే అన్నిటికన్నా పొడవైనది.

గడువు కాయడం మేనేజరు వంతు, కొలత కాయడం ఇంజనీరు వంతు అని పని పంచుకుంటాం. ఆ పంపకంలో ఆపే హక్కు ఎవరి పాలికీ రాకపోతే ఏమవుతుందో ఆ 75 ఇళ్లకు తెలుసు. పని ఆగి ఉంటే ఆ సీజన్ పోయేది, కొంత డబ్బు పోయేది. అంతే పోయేది.