లేబర్ కోర్టు – మన సినీ కష్టజీవులు

నాంపల్లి ఎం.జె. రోడ్డులోని చంద్రవిహార్ భవనం మన సభ్యుల్లో చాలామందికి ఎరుకే. హైదరాబాదు లేబర్ కోర్టులు ఏళ్ల తరబడి అక్కడే నడిచాయి. జూబ్లీహిల్స్, ఫిలింనగర్‌లలో పనిచేసే లైట్‌మన్, డ్రైవరు, టైలరు – వీరిలో మనవాళ్లూ ఉన్నారు – ఆ మెట్లు ఎక్కడం మాత్రం తేలిక కాలేదు. ఎందుకో నాలుగు మాటలు చెప్పదలిచాము.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టానికి 1956లో చేసిన సవరణతో లేబర్ కోర్టులు పుట్టాయి. ఆంధ్రప్రదేశ్ అవతరించిందీ ఆ ఏడే. అప్పటికే నగరంలో యూనియన్లు బలపడి ఉన్నాయి. కవి మఖ్దూం మొహియుద్దీన్ 1940లలోనే కార్మికులను కూడగట్టారు. (ఆయన కవిత సినిమాకెక్కిందని మన పిల్లలకు తెలుసు, ఆయన కార్మిక నాయకుడని తెలియదు!)

కోర్టయితే వచ్చింది గాని తలుపు తాళం సర్కారు దగ్గరే ఉండేది. నౌకరీ పోయినవాడు కార్మిక శాఖకు అర్జీ పెట్టుకోవాలి. రాజీ కుదరకపోతే ప్రభుత్వమే కేసును కోర్టుకు పంపాలి. పంపకపోతే అంతే సంగతులు. 1987లో మన రాష్ట్రం చట్టాన్ని సవరించి, పని నుంచి తీసేసినవాడు నేరుగా కోర్టుకు పోవచ్చునంది. కేంద్రం ఈ పని చేసింది 2010లో. ఇరవై మూడేళ్లు ముందున్నామన్నమాట.

సినిమా మనిషి చిక్కు వేరు. పిక్చరు పిక్చరుకూ ప్రొడ్యూసరు మారుతాడు. బేటా చేతిలో పెడతారు, కాగితం ఇవ్వరు. మరి యజమాని ఎవరని రుజువు చేయాలి? ఇది గ్రహించే 1981లో సినీ కార్మికుల చట్టం చేసి, వ్రాతపూర్వక ఒప్పందం ఉండాలన్నారు, వేరే ట్రైబ్యునల్ అన్నారు. అయితే నెలకు 1,600 రూపాయలు, గుత్తగా అయితే 15,000 మించనివారికే అని మొదట్లో హద్దు పెట్టారు. ఆచరణలో సినీ కార్మికుల బలం యూనియన్ కార్డే అయింది. 2025 ఆగస్టులో 30 శాతం పెంపు కోరుతూ చేసిన సమ్మె కూడా కోర్టులో తేలలేదు. మూడేళ్లలో 22.5 శాతం అని రాజీలోనే ముగిసింది.

2025 నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చి 1947 చట్టం, 1981 చట్టం రెండూ పోయాయి. కొత్త కోడ్‌లో లేబర్ కోర్టు అన్న పేరే లేదు, ఇద్దరు సభ్యుల ట్రైబ్యునల్ ఉంది. అది ఏర్పడేదాకా పాత కోర్టులే విచారించాలని డిసెంబరులో ఉత్తర్వు వచ్చింది. కనుక కేసు నడుస్తున్నవారు చట్టం మారిందని తారీఖు వదులుకోరాదు.